గారె చిల్లులో ఎవరున్నారు?



పోయినసారి హాస్టల్ మెస్ గురించి రాశాను. ఈసారీ హాస్టల్ పిల్లే కారణం, కానీ విషయం అర్థశాస్త్రం. తెలుగు పాఠం చెప్పుకునేవాడికి అర్థశాస్త్రంతో ఏం పని అంటారా? చదివాక చెప్పండి.

మా కాలేజీలో డిగ్రీ పిల్లలకు పర్యావరణం పేపర్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. వారం రోజులు మీరు వాడిన కరెంటు, నీళ్లు, పెట్రోలు, కొన్న వస్తువులు రాయాలి. వాటిలో ఏవి తగ్గించుకుంటారో ఎదురు గడిలో రాయాలి. ఎస్సీ హాస్టల్లో ఉండే ఒకమ్మాయి మొదటి గడి నిజాయితీగా నింపింది. రోజుకు రెండు బకెట్ల నీళ్లు. పదహారు మంది గదిలో రెండు ఫ్యాన్లు. కాలేజీకి నడక. రెండో గడిలో ఒకే వాక్యం రాసింది: "నాకు పెంచుకోవాల్సినవే ఉన్నాయి సార్." ఇరవైకి నాలుగు మార్కులు వేశారు. పక్కన ఎర్ర ఇంకుతో "ప్రశ్న అర్థం కాలేదు" అని రాశారు.

ప్రశ్న అర్థం కానిది ఆ పిల్లకు కాదు.

ఆ ప్రాజెక్టు వెనకున్న సిద్ధాంతం మంచిదే. ముందు దాన్ని సరిగ్గా చెప్పుకుందాం. ఇంగ్లండ్ ఆర్థికవేత్త కేట్ రావర్త్ 2012లో ఆక్స్‌ఫామ్ సంస్థకు రాసిన పత్రంలో ఒక బొమ్మ గీశారు. 2017లో దాన్ని పుస్తకంగా విస్తరించారు. దాన్నే డోనట్ ఎకనామిక్స్ అంటారు. డోనట్ తెలియనివాళ్లు గారె అనుకోండి. గారెకు రెండు అంచులుంటాయి. లోపలి అంచు మనిషికి ఉండి తీరాల్సినవి: తిండి, నీళ్లు, ఇల్లు, చదువు, వైద్యం, పని, న్యాయం లాంటి పన్నెండు. ఇవి అందనివాళ్లు మధ్య చిల్లులో పడి ఉంటారు. బయటి అంచు భూమి ఓర్చుకోగల హద్దు: వాతావరణం, మంచినీరు, నేల, జీవజాతులు లాంటి తొమ్మిది. ఈ తొమ్మిదిలో ఆరు హద్దులు ఇప్పటికే దాటేశామని 2023లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. ఎవరూ చిల్లులో పడకుండా, ఎవరూ బయటి హద్దు దాటకుండా బతకడానికి ఏర్పాటు చేయడమే అర్థశాస్త్రం పని అంటారు రావర్త్.

ఆమె రెండు గీతలు గీశారు. మన క్లాసుల్లో ఒక్కటే గీస్తున్నారు. "మనందరం ఎక్కువ వాడేస్తున్నాం, తగ్గించుకోవాలి" అన్న బయటి గీత మాత్రమే. ఈ "మనందరం"లో ఎవరున్నారు? రెండు కార్లు, నాలుగు ఏసీలున్న ఇంటి పిల్లాడు, రెండు బకెట్ల నీళ్లతో గడిపే పిల్ల ఒకే బెంచీ మీద కూర్చున్నంత మాత్రాన వాళ్ల బాధ్యత సమానం అయిపోతుందా? మేం హద్దు లోపల బతికింది పర్యావరణం మీద ప్రేమతో కాదు. దాటనివ్వలేదు కాబట్టి. లేమిని పొదుపు అని పిలిచి మాకే మళ్లీ పొదుపు పాఠం చెప్పడం ఏ రకం అర్థశాస్త్రం?

నీళ్ల సంగతే చూడండి. రావర్త్ బొమ్మలో నీళ్లు రెండు అంచుల్లోనూ ఉన్నాయి. తాగడానికి అందాలి, భూమిలో ఇంకిపోకూడదు. కానీ 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ నడిచి వెళ్లిన చౌదార్ చెరువులో నీళ్లకు కొదవ లేదు. పశువులు తాగేవి. అంటరానివాళ్లకే దోసిలి ముంచే హక్కు లేదు. 1985 జులైలో కారంచేడు గొడవ మొదలైంది కూడా చెరువు దగ్గరే. మాదిగలు నీళ్లు ముంచుకునే చెరువును గేదెల కుడితితో మురికి చేస్తుంటే వద్దన్నందుకు, బిందె పట్టుకుని ఎదురు తిరిగినందుకు, మర్నాడు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఇది కుల సమస్యా, పర్యావరణ సమస్యా? మన దేశంలో ఈ రెండూ వేరు కాదు. రావర్త్ పన్నెండింటిలో సామాజిక సమానత్వం ఉంది, కులం అన్న మాట లేదు. ఆమెను తప్పుపట్టను. ఇక్కడ ఆ బొమ్మను బోర్డు మీద గీసే మాస్టారు ఆ మాట రాయకపోవడం మాత్రం తప్పే.

అంబేద్కర్ 1918లో ముంబై సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్రం ప్రొఫెసర్‌గా చేరారు. ఆ కాలేజీలోనే ఆయన తమ నీళ్ల కుండ ముట్టుకోకూడదని తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం పెట్టారు. అర్థశాస్త్రం చెప్పేవాడికే నీళ్లు లేవు. ఆ గదిలో వనరుల పంపకం పాఠం ఎవరు ఎవరికి చెప్పాలి?

ఇక మనవాళ్లతోనూ ఒక మాట. "పర్యావరణం కడుపు నిండినోళ్ల కబుర్లు, మనకు ముందు ఉద్యోగం, ఇల్లు కావాలి" అంటారు కొందరు మిత్రులు. ఉద్యోగం, ఇల్లు కావాల్సిందే. కానీ బయటి గీత తెగితే ముందు కాలేది ఎవరి వీపు? మే నెల ఎండలో ఉపాధి పనికి పోయేదెవరు? చెరువు కింద పల్లంలో వాడ ఎవరిది? డంపింగ్ యార్డు ఎవరి ఇళ్ల పక్కన పెడతారు? భూమి హద్దుల గురించి మాట్లాడే హక్కు అందరికన్నా ముందు మనది. దాన్ని వాళ్లకు వదిలేయకండి.

రెండు గీతలూ కలిపి చూపించే పాఠం దగ్గర్లోనే ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని ఆడవాళ్లలో ఎక్కువమంది దళితులే. బీడు పడ్డ భూములను సాగులోకి తెచ్చారు. వాన నీటితోనే జొన్న, సజ్జ, కొర్ర, కంది, అనుములు కలిపి వేశారు, రసాయనాలు లేకుండా. విత్తనం ఇంట్లోనే దాచుకున్నారు. పండిన జొన్నలు ఊళ్లోనే నిల్వ చేసి, కరువు నెలల్లో పేదలకు తక్కువ ధరకు అందించారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లను గొప్ప ప్రకృతి ప్రేమికులని పొగిడి వదిలేస్తే సగమే చెప్పినట్టు. చేతిలో భూమి, విత్తనం, గింజల మీద అధికారం ఉన్నాయి కాబట్టే వాళ్లు కడుపూ నింపారు, నేలనూ కాపాడారు. అధికారం లేనివాళ్లకు పొదుపు నేర్పితే మిగిలేది ఆకలే.

అందుకే నేను అడిగేవి మూడు. ఆ అమ్మాయి పేపరు మళ్లీ దిద్దాలి. వచ్చే ఏడాది ప్రాజెక్టులో "తగ్గించుకునేవి" పక్కన "నాకు అందాల్సినవి" అని ఇంకో గడి పెట్టాలి. వాడకం లెక్క రాసేటప్పుడు ఎవరి భూమి, ఎవరి నీళ్లు, ఎవరి చాకిరీ అన్నదీ రాయించాలి. విభాగంలో మొదటిదాని కోసం లిఖితపూర్వకంగా అడిగాను. "తెలుగు లెక్చరర్‌కు ఎందుకండీ ఇవన్నీ" అన్నారు. తెలుగు వాక్యానికి నాలుగు మార్కులు వేశారు కాబట్టి.

ఆ వాక్యంలో తప్పు లేదు. వ్యాకరణంలోనూ లేదు, అర్థశాస్త్రంలోనూ లేదు.

జై భీమ్. మిగతాది వచ్చే భాగంలో.