అడిగే హక్కు ఎవరిది? జవాబు ఎవరిది?



రక్తంలో చక్కెర లెక్క రాసుకునే యాప్ తెరిస్తే వయసు, లింగం, కులం, ఆదాయం, చిరునామా అడుగుతుందనుకోండి. కింద ఆంగ్లంలో ఒక పొడవాటి పత్రం, దాని చివర ఒక గడి. నొక్కితే సేవ, నొక్కకపోతే లేదు. దీనిని సమ్మతి అనడం ఆ మాటకే అవమానం.

అలాగని ఏ వివరమూ ఎవరికీ చెప్పరాదనే వాదాన్ని కూడా నేను అంగీకరించను. కోవిడ్ కాలంలో ఇంటింటికీ చేరిన పల్స్ ఆక్సీమీటరు సంగతి చూడండి. అది చర్మం గుండా కాంతిని పంపి ప్రాణవాయువును అంచనా వేస్తుంది. 92 నుంచి 96 శాతం చూపిన రీడింగులను మిచిగాన్ వైద్యులు రక్తపరీక్షతో పోల్చి, 2020 డిసెంబరులో ఫలితాలు ప్రకటించారు. అసలు ప్రాణవాయువు 88 శాతం కన్నా తక్కువగా ఉన్నవి తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం, నల్లజాతి రోగుల్లో 11.7 శాతం. ఆసుపత్రి రికార్డుల్లో జాతి వివరం ఉండబట్టే ఈ లోపం బయటపడింది. ఆ గడి ఖాళీగా ఉండి ఉంటే యంత్రం నిర్దోషిగానే చలామణి అయ్యేది.

మన రేణిగుంట ప్రాంతానికి వద్దాం. రాష్ట్రంలో 2015 నుంచి రేషన్ దుకాణాల్లో వేలిముద్ర యంత్రాలు వచ్చాయి. ఇటుకలు మోసిన చేతుల్లో, కలుపు తీసిన చేతుల్లో గీతలు అరిగిపోతాయి. వయసు మీరితే చర్మం పలచబడి ఎండిపోతుంది. యంత్రం ఎవరిని తిరస్కరిస్తున్నదో వయసువారీగా, వృత్తివారీగా లెక్కించకుండా సగటు విజయశాతం చూపితే ఏం తెలుస్తుంది? ఏరు సగటున మోకాటి లోతేనన్న మాట నమ్మి దిగినవాడు మునిగే చోటే మునుగుతాడు.

కాబట్టి అడగవలసిందే. కానీ పని కోసం అడగాలి. చక్కెర లెక్క రాసే యాప్‌కు నా కులంతో పని లేదు. వైద్యసేవ యానాదుల ఇళ్లకు చేరుతున్నదా లేదా అని తేల్చే అధికారికి మాత్రం ఆ ప్రశ్న అత్యవసరం. ప్రశ్న ఒకటే, ప్రయోజనాన్ని బట్టి అది ఒకచోట న్యాయం, మరొకచోట చొరబాటు.

జవాబు కూడా ఎవరిది వారే చెప్పాలి. 2009లో నాటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా ప్రాజెక్టు జరిగింది. ఎందరో గిరిజన బాలికల విషయంలో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాలపై సంతకాలు చేశారు. 2010లో ప్రాజెక్టును నిలిపివేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దానిని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే, నేటికీ వేయించుకోమనే చెబుతాను. కానీ మంచి పనికి సైతం దొంగ సమ్మతి చెల్లదు. అవ్వ ఫోను చేతిలోకి తీసుకుని, ఆమెకు ఒక్క ముక్క చెప్పకుండా 'అంగీకరిస్తున్నాను' నొక్కేవారు చేస్తున్నది ఆ వార్డెన్ల పనే.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పునిచ్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా ఉండాలనీ, దానిని వెనక్కి తీసుకోవచ్చుననీ, సమాచారం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో పొందే వీలుండాలనీ అందులో ఉంది. తెలుగు ఆ జాబితాలోనిదే. మన సరిహద్దు పల్లెల్లో వినబడే తమిళమూ అందులోదే. మరి ఆంగ్ల పత్రం మన ముందు పడేసి చేతులు దులుపుకోవడం ఏ న్యాయం?

వివరాలు మన దగ్గర తీసుకుంటున్నవారు లెక్క మనకు తిరిగి చెప్పాలి: మీ యంత్రం వృద్ధులలో ఎందరికి పని చేయలేదు? స్త్రీలలో ఎందరికి? చూపు లేనివారిలో ఎందరికి? ఈ లెక్క ప్రకటించని సంస్థ మన వయసునూ కులాన్నీ సేకరించి న్యాయం కోసమే అంటే నమ్మకండి.

ఈసారి ఎవరైనా ఫోను పట్టుకుని మీ వివరాలు అడిగితే మూడు మాటలు అడగండి. ఎందుకు? ఎవరికి చేరుతుంది? చెప్పకపోతే నా సేవ ఆగుతుందా? ఈ మూడింటికీ తెలుగులో జవాబు వచ్చేదాకా గడి నొక్కకండి.