‘గ్రేటెస్ట్ హిట్స్’ విన్నవాడు ఏం గునా చేశాడు?

ఈసారి సియాసత్ లేదు, మస్లా మసాయిల్ లేవు. ఒక పాటల క్యాసెట్టు గురించి తగాదా పెట్టుకుందామని వచ్చాను. చిన్న విషయమే కదా అనుకోకండి. ఆ క్యాసెట్టు వంకన మొన్న మా ఇంట్లో, దస్తర్‌ఖాన్ మీద, అందరి ముందూ ఒక పెద్దమనిషి దిల్ నొచ్చుకుంది.

మా బడే మామూ కువైట్‌లో డ్రైవర్‌గా చేసిన రోజుల్లో అక్కడి బజార్లో ఒక ఇంగ్లీషు క్యాసెట్టు కొన్నారు. క్వీన్ అనే బ్రిటన్ బ్యాండ్‌ది, పేరు ‘గ్రేటెస్ట్ హిట్స్’. మామూకి ఇంగ్లీషు అంతంత మాత్రం. కానీ ఎడారి రోడ్ల మీద ఆ ఒక్క క్యాసెట్టే ఆయనకు తోడు. ఇప్పుడు డెబ్బై దాటాయి. క్యాసెట్టు ఎప్పుడో అరిగిపోయింది, పిల్లలు ఫోన్‌లో పెట్టిస్తే వింటారు. మొన్న దావత్‌లో మాటల్లో మాటగా, “క్వీన్ పాటలంటే నాకు జాన్” అన్నారు.

బ్రిటన్‌లో చదువుకుని వచ్చిన మా ఖాలా కొడుకు వెంటనే అందుకున్నాడు. “ఏ ఆల్బమ్ మామూ?” ఆయన చెప్పారు. వాడు నవ్వేశాడు. “అది ఆల్బమే కాదు మామూ, దుకాణంవాడు కట్టిన పొట్లం. గ్రేటెస్ట్ హిట్స్ వినేవాళ్లను అక్కడ శ్రోతలుగానే లెక్కపెట్టరు.”

మామూ ఏమీ అనలేదు. తలొంచుకుని బిర్యానీ కలుపుకున్నారు. ఆ ఖామోషీ నాకు గుచ్చుకుంది. అందుకే ఈ జవాబు.

మా వాడిది సొంత రాయ్ కాదు, అరువు రాయ్. రాక్ సంగీతం వినేవాళ్లలో ఈ బహస్ ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. ఒక వైపు అవామ్: “ఈ ఒక్కటి ఉంటే చాలు, అన్నీ మంచి పాటలే” అంటారు. ఇంకో వైపు తమను తాము ఖవాస్ అనుకునేవాళ్లు: “అసలైన ఆషిక్ మొత్తం ఆల్బమ్‌లు వింటాడు, ఏరి పెట్టిన ముక్కలు వినడు” అంటారు. ఈ ఖవాస్ దలీళ్లు ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి దలీల్: “ఆల్బమ్ అంటే ఒక ఇమారత్. అందులోంచి ఇటుకలు పీకి వేరే గోడ కడితే అది కళాకారుడి తౌహీన్.”

వినడానికి ఖూబ్‌సూరత్‌గానే ఉంది. కానీ తారీఖులు చూడండి. ‘బొహీమియన్ రాప్సొడీ’ సింగిల్ రికార్డుగా బ్రిటన్‌లో విడుదలైంది 1975 అక్టోబర్ 31న. అది ఉన్న ఆల్బమ్ ‘ఎ నైట్ ఎట్ ది ఒపేరా’ వచ్చింది నవంబర్ 21న. అంటే మూడు వారాల పాటు ఇమారతే లేదు, ఇటుక ఒక్కటే ఉంది. ఆరు నిమిషాలకు ఐదు సెకన్లు తక్కువ నిడివి ఉన్న ఆ పాటను జనం రేడియోలో విడిగా విన్నారు, విడిగా కొన్నారు, తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలబెట్టారు. ఆ మూడు వారాల్లో విని ప్రేమించిన వాళ్లు కూడా శ్రోతలు కారా?

‘ఫ్లాష్’ అనే పాట ఒక సినిమా కోసం చేసింది. ‘వి విల్ రాక్ యు’, ‘వి ఆర్ ద చాంపియన్స్’ 1977లో ఒకే సింగిల్‌కు రెండు ముఖాలుగా వచ్చాయి. గ్రేటెస్ట్ హిట్స్ చివర్లో కూడా ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి. పొట్లం కట్టినవాడికి ఆ మాత్రం తమీజ్ ఉంది మరి.

రెండో దలీల్: “ఏరి పెట్టడం వ్యాపారుల పని, కళాకారుల పని కాదు.”

ఈ మాట ఉర్దూ ఇంట్లో పుట్టినవాడు అనకూడదు. మనం కళ్లకద్దుకునే దీవానె గాలిబ్ ఏమిటి? గాలిబ్ తన ఉర్దూ కలాంలోంచి తానే ఏరి, మిగతాది పక్కన పడేసి, 1841లో అచ్చు వేయించిన ఇంతిఖాబ్. ఆయన వదిలేసిన పాత షేర్లతో ఉన్న రాతప్రతి భోపాల్‌లో దొరికి, ‘నుస్ఖా ఎ హమీదియా’ పేరుతో 1921లో బయటికొచ్చింది. ఎనభై ఏళ్ల పాటు తరాలకు తరాలు ఆ చిన్న దీవాన్‌నే చదివాయి. మన నానాలు, దాదాలు గాలిబ్‌ని చదవనట్టేనా? వాళ్లను కూడా దస్తర్‌ఖాన్ మీద కూర్చోబెట్టి నవ్వుదామా?

ఇక క్వీన్ సంగతి. 1985 జూలై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో ‘లైవ్ ఎయిడ్’ జరిగింది, ఇథియోపియా కరువు బాధితుల కోసం. క్వీన్‌కు దొరికింది ఇరవై నిమిషాల పైచిలుకు. వాళ్లేం చేశారు? ఏదో ఒక ఆల్బమ్‌ను మొదటి నుంచి వాయించారా? లేదు. ఆరు పాటలు ఏరుకున్నారు. వాటిలో నాలుగు 1981 నాటి గ్రేటెస్ట్ హిట్స్‌లో ఉన్నవే. పైగా ‘బొహీమియన్ రాప్సొడీ’ని సగంలో ఆపేశారు, ‘వి విల్ రాక్ యు’ని కురచ చేశారు. రాక్ చరిత్రలో అంతకు మించిన ప్రదర్శన లేదని ఈ ఖవాసే మురిసిపోతారు. ముక్కలు ఏరి మహఫిల్ గెలిచిన వాళ్లను పొగిడే నోటితోనే, ఆ ముక్కలు విన్న మా మామూని ఎగతాళి చేయడం ఏ ఇన్సాఫ్?

మూడో దలీల్: “అందరికీ నచ్చిందంటే అందులో లోతు లేనట్టే.”

ఇది దలీల్ కాదు, గురూర్. ఈ సంకలనం బ్రిటన్‌లో అన్ని కాలాలకూ అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్. 2022లో అమ్మకాలు 70 లక్షలు దాటాయి, ఆ దేశంలో ఆ గీత దాటిన మొదటి ఆల్బమ్ అదే. అమ్మకం అంటే నాణ్యతకు సనద్ అని నేననను. కానీ అమ్ముడవడమే ఐబ్ అనడం మాత్రం పచ్చి జిద్. ‘వి విల్ రాక్ యు’ తీసుకోండి. దాన్ని కాళ్లతో నేలను తన్ని, చేతులతో తట్టి నడిపారు. రెండు తన్నులు, ఒక చప్పట్లు. గిటార్ వచ్చేది చివర్లోనే. పాడేవాళ్లూ వినేవాళ్లూ వేరు కాకూడదనే బ్రయన్ మే దాన్ని అలా కట్టాడు. ఖవ్వాలీలో తాళీ ఎందుకుందో తెలిసినవాడికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు రాని మామూ స్టీరింగ్ మీద ఆ తాళీ కొట్టారంటే ఆ పాట తన మంజిల్ చేరినట్టే.

ఇంతవరకూ మామూ తరఫున వకాల్తా. అయితే ఇన్సాఫ్ అన్నాక రెండో పళ్లెం కూడా చూడాలి. “ఈ ఒక్కటి ఉంటే చాలు” అనేవాళ్ల మాట కూడా నేను ఒప్పుకోను.

1981 అక్టోబర్‌లో బ్రిటన్‌లో వచ్చిన ఆ సంకలనంలో 17 పాటలున్నాయి. లెక్క వేయండి. ఫ్రెడ్డీ మెర్క్యురీ రాసినవి 10. బ్రయన్ మే రాసినవి 5. జాన్ డీకన్‌వి 2. డ్రమ్మర్ రోజర్ టేలర్‌ది? ఒక్కటీ లేదు. నలుగురూ పాటలు కట్టే బ్యాండ్ అది. కానీ ఈ ఒక్క క్యాసెట్టే విన్నవాడికి నాలుగోవాడు కూడా పాటలు రాస్తాడన్న సంగతే తెలియదు. ‘బొహీమియన్ రాప్సొడీ’ సింగిల్ రెండో ముఖాన ఉన్నది టేలర్ పాటే. వెంబ్లీలో వేలాది చేతులు ఒకేసారి లేచి చప్పట్లు కొట్టిన ‘రేడియో గా గా’ కూడా ఆయనదే. అది 1984లో వచ్చింది కాబట్టి ఇందులో లేదు.

ఇందులోకి వచ్చిన పాటలన్నీ బ్రిటన్ సింగిల్స్ పట్టికలో మొదటి ఇరవైలో నిలిచినవే. ‘లవ్ ఆఫ్ మై లైఫ్’ అలా నిలవలేదు. అందుకని లేదు. కానీ కచేరీల్లో ఫ్రెడ్డీ మైకు జనం వైపు తిప్పితే ఆ పాటను జనమే పాడేవాళ్లు. 1985లో బ్రెజిల్‌లోని ‘రాక్ ఇన్ రియో’లో ఆ సముద్రమంత జనం ఎలా పాడిందో చూసినవాళ్లు మరిచిపోరు. శ్రోతల ఫైసలా ఒకటి, పట్టిక ఫైసలా ఇంకొకటి.

ఇంకో నుఖ్సాన్ ఏమిటంటే, పాటల వరస కాలక్రమంలో లేదు. 1970లలో తమ రికార్డుల మీద “సింథసైజర్ వాడలేదు” అని గర్వంగా అచ్చు వేసుకున్న బ్యాండ్ ఇది. 1980లో ‘ద గేమ్’తో ఆ పట్టుదల వదిలేసింది. అది వాళ్ల జిందగీలో పెద్ద మలుపు. సంకలనంలో ముందటివీ తర్వాతవీ కలిసిపోవడంతో ఆ మలుపు చెవికి తగలనే తగలదు.

అసలు ‘గ్రేటెస్ట్’ అని తేల్చింది ఎవరు? ఇదీ సవాల్. అదే పేరుతో అదే ఏడాది అమెరికాలో వచ్చిన సంకలనంలో పాటలు వేరు. అక్కడ ‘అండర్ ప్రెషర్’ ఉంది, బ్రిటన్‌దాంట్లో లేదు. 2023లో పిల్లల కోసం ఒక ఆడియో వేదిక మీద ఈ సంకలనం పెట్టినప్పుడు ‘ఫ్యాట్ బాటమ్డ్ గర్ల్స్’ పాట తీసేశారు. బ్రిటన్ పత్రికల్లో పెద్ద హంగామా అయింది. పిల్లలు వినే చోట పెద్దల పాట లేకపోతే కొంప మునగదని తల్లిదండ్రులుగా మనకు తెలుసు. కానీ అది కూడా ఒకరు చేసిన ఇంతిఖాబే అని మాత్రం గుర్తుంచుకోవాలి.

అన్నిటికన్నా నాకు హైరత్ కలిగించింది ఇరాన్ ముచ్చట. 2004లో అక్కడ ప్రభుత్వ ఇజాజత్‌తో క్వీన్ పాటల సంకలనం విడుదలైంది. ఒక పాశ్చాత్య రాక్ బ్యాండ్‌కు అలా అధికారికంగా అనుమతి దొరకడం అక్కడ అదే మొదలు. ప్రేమ పాటలు పక్కన పెట్టారు. పాటల అర్థాలు వివరిస్తూ ఒక కాగితం జతచేశారు. ‘బొహీమియన్ రాప్సొడీ’లో కోరస్ పదే పదే ‘బిస్మిల్లా’ అంటుంది కదా. దానికి ఆ కాగితం ఇచ్చిన తఫ్సీర్ ఇది: పొరపాటున హత్య చేసిన ఒక కుర్రవాడు తన రూహ్‌ను షైతాన్‌కు అమ్ముకున్నాడు, ఉరికి ముందు రాత్రి అల్లాహ్ పేరు పిలిచి దాన్ని తిరిగి దక్కించుకున్నాడు.

ఫ్రెడ్డీ ఆ పాటకు తానుగా అర్థం విప్పి చెప్పలేదు. ఆయన అసలు పేరు ఫరూఖ్ బల్సారా. ముస్లింలు నిండిన జంజిబార్‌లో 1946లో ఒక పార్సీ ఇంట పుట్టాడు, మహారాష్ట్రలోని పంచగనిలో చదువుకున్నాడు, 1991లో పోయినప్పుడు అంత్యక్రియలు జొరాస్ట్రియన్ పద్ధతిలోనే జరిగాయి. ‘బిస్మిల్లా’ అన్నాడు కాబట్టి మనవాడేనని లాక్కునే ఫార్వర్డులూ, తౌహీన్ చేశాడని మండిపడే ఫార్వర్డులూ రెండూ తహ్‌ఖీఖ్ లేని మాటలే. ఇరాన్ కాగితం నాకు పాట గురించి చెప్పింది తక్కువ. ఎంపిక చేసినవాళ్లకు ఏది వినిపించిందో, ఏది వినిపించకూడదనుకున్నారో చెప్పింది ఎక్కువ. అయినా ఆ సంకలనం చేతిలో పట్టుకుని ఇల్లు చేరిన టెహ్రాన్ కుర్రవాణ్ని మా ఖాలా కొడుకు ఏమంటాడు? “ఇది పొట్లం, నువ్వు శ్రోతవి కావు” అంటాడా? ఆ కుర్రవాడికి బజార్లో బాజాప్తాగా దొరికింది అదొక్కటే కదా! మా మామూకి కువైట్ బజార్లో దొరికింది కూడా అదొక్కటే.

అందుకని ఖాలా కొడుకా, నా ఫిర్యాదు నీ ఇల్మ్ మీద కాదు. నీకు ఆ పదిహేను ఆల్బమ్‌లూ తెలుసు, మాషా అల్లాహ్. కానీ తెలిసినవాడి ఫర్జ్ ఏమిటి? దర్వాజా దగ్గర నిలబడ్డవాణ్ని లోపలికి పిలవడమా, గడప మీద ఉన్నావని నవ్వడమా? నువ్వు అడిగిన “ఏ ఆల్బమ్?” అనే సవాల్‌లో తెలుసుకోవాలనే షౌక్ లేదు, ఇమ్తెహాన్ ఉంది. డెబ్బై ఏళ్ల మనిషికి దస్తర్‌ఖాన్ మీద ఇమ్తెహాన్ పెట్టడం మన తెహజీబ్ కాదు బేటా.

నేనేం చేశానో చెప్పి ముగిస్తాను. తర్వాతి జుమా సాయంత్రం మామూ ఇంటికి వెళ్లాను. ఫోన్‌లో ‘లవ్ ఆఫ్ మై లైఫ్’ పెట్టి ఇచ్చాను, కచేరీలో జనం పాడిన రికార్డు. కళ్లు మూసుకుని ఆఖరు దాకా విన్నారు. మళ్లీ పెట్టమన్నారు. రెండోసారి అయ్యాక కొంచెం కోపంగానే అడిగారు:

“ఇంత మంచి పాట, నా క్యాసెట్టులో ఎందుకు పెట్టలేదురా వాళ్లు?”

చెప్పాను, బ్రిటన్ పట్టిక కథంతా. విని, ఇంకా ఏమేం వదిలేశారో వరసగా వినిపించమన్నారు. మగ్రిబ్ అజాన్ అయ్యేదాకా కూర్చున్నాం. వచ్చే జుమాకి ‘ఎ నైట్ ఎట్ ది ఒపేరా’ మొత్తం వినిపిస్తానని మాటిచ్చాను. ఖాలా కొడుకా, నువ్వూ రా. చాయ్ మామూ ఇంట్లోనే.