విధి పేరిట భూదాహము

1845వ సంవత్సరమున న్యూయార్కు నగరమునందు జాన్ ఓసల్లివన్ నడపుచుండిన పత్రికలో, టెక్సాసును అమెరికా సంయుక్త రాష్ట్రములలో చేర్చుకొనుటను సమర్థించుచు ఒక వ్యాసము వెలువడెను. ఏటేట వృద్ధిబొందుచున్న తమ ప్రజలు ఖండమంతట వ్యాపించుటకై దైవమే ఆ నేలను వారికి కేటాయించినదని అందలి సారాంశము. 'మేనిఫెస్ట్ డెస్టినీ' యను పేర ప్రసిద్ధిగాంచిన ఈ సిద్ధాంతమునందలి చాతుర్యము గమనింపదగినది. ఒకని భూమిని వేరొకడు కైకొనునప్పుడు, కైకొన్నవాడెవడు, ఏ హక్కున కైకొనెనను ప్రశ్న పుట్టక మానదు. ఆ కార్యమును దైవసంకల్పమునకు అంటగట్టినచో కర్త అదృశ్యుడగును, ప్రశ్నయు అణగిపోవును.

కాని కర్తలు చరిత్రలో అదృశ్యులు కారు. ఆదివాసులను మిసిసిపీ నదికి పడమట నెట్టివేయు చట్టముపై 1830లో సంతకము చేసినవాడు అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్. అనాగరికులకు నాగరికత నేర్పుచున్నామను నెపము ఆ ఆదివాసులలోని చెరోకీల విషయమున ఏమాత్రము చెల్లదు. సెక్వోయా కల్పించిన లిపియు, 1827లో వ్రాసికొన్న రాజ్యాంగమును, 1828లో స్థాపించుకొన్న వార్తాపత్రికయు వారికి కలవు. జార్జియా రాష్ట్ర శాసనములు చెరోకీల నేలపై చెల్లవని 1832లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినను, దానిని అమలుపరచు పూనిక ప్రభుత్వమునకు లేకపోయెను. తుదకు, చెరోకీల నాయకుడు జాన్ రాస్ అంగీకరింపని యొక ఒడంబడికను ఆధారము చేసికొని, 1838-39లో ఇంచుమించు 16,000 మందిని సైనికుల కావలిలో స్వస్థలములనుండి వెడలగొట్టిరి; వారిలో 4,000 మంది వరకు మరణించిరని చరిత్రకారుల అంచనా.

మెక్సికోతో 1846లో యుద్ధము తెచ్చినవాడు అధ్యక్షుడు పోక్. అమెరికా నేలపైనే అమెరికన్ల రక్తము చిందినదని పోక్ చెప్పగా, ఆ స్థలమును చూపుమని శాసనసభలో నిలదీసిన యువసభ్యుడు అబ్రహాం లింకన్. 1848 సంధితో మెక్సికో, టెక్సాసును కలిపి లెక్కించినచో, తన భూభాగమున సగమువరకు కోల్పోయెను. ఆ యుద్ధమున పోరాడి, తరువాత అధ్యక్షుడైన గ్రాంటు, బలవంతుడు బలహీనునిపై సాగించిన మిక్కిలి అన్యాయపు యుద్ధములలో ఇది యొకటియని స్వీయచరిత్రయందు ఒప్పుకొనెను. గెలిచిన భూములలో బానిసత్వము ఉండవలెనా, కూడదా యను వివాదము గెలిచినవారినే రెండుగా చీల్చి, 1861లో అంతర్యుద్ధమునకు దారితీసెను.

నిరుపేదలకు భూవసతి కల్పించినది ఈ విస్తరణమే కదా యని సమర్థకులందురు. 1862 చట్టము ఒక్కొక్క కుటుంబమునకు 160 ఎకరములిచ్చిన మాట సత్యము. ఐరోపానుండి వచ్చిన బీదలు ఎందరో దానివలన బాగుపడిరి. అయినను పేదవానికి దానమిచ్చిన ఆ నేల దాతది కాదు. 1887లో ఆదివాసుల ఉమ్మడి భూములను విడదీసి పంచిన చట్టము ఫలితముగా, వారి చేతనుండిన 13 కోట్ల 80 లక్షల ఎకరములు 1934 నాటికి 4 కోట్ల 80 లక్షలకు తగ్గినవి. 1868 ఒడంబడికలో లకోటా ఆదివాసులకు శాశ్వతముగ విడిచిన బ్లాక్ హిల్సు కొండలను, 1874లో బంగారము కనబడిన మూడేండ్లకే ప్రభుత్వము లాగుకొనెను. అది అన్యాయమని 1980లో సుప్రీంకోర్టే నిర్ణయించి పదికోట్ల డాలర్లకు పైగా పరిహారము ఖాయపరచగా, మేము ఆ కొండలను అమ్మలేదని చెప్పి లకోటాలు నేటివరకు ఆ ధనమును ముట్టలేదు.

టెక్సాసునందును కాలిఫోర్నియాయందును స్థిరపడిన మన తెలుగు కుటుంబములు నేడు వేలకొలది కలవు. తాము నివసించు నేల పూర్వచరిత్రను తమ బిడ్డలకు దాచక చెప్పుట వారికి ధర్మము. ఇక ఏ దేశమునందైనను, ఏ కాలమునందైనను, పరుల భూమి తమకు విధినిర్ణయమని పలుకువారు ఎదురైనచో, ఆ యుత్తర్వుపై సంతకము చేసిన మనుష్యుడెవ్వడో చెప్పుమని పాఠకులు అడుగవలెను.