14416కి ఫోన్ చేస్తే అవతల ఏం జరుగుతుంది?

రాత్రి ఒంటిగంటన్నరకి ఫ్రెండ్ దగ్గర్నుంచి వాట్సాప్ మెసేజ్. ‘మేలుకునే ఉన్నావా?’ అంతే. పొద్దున లేచి చూసి ‘పడుకున్నా రా, చెప్పు’ అని పెట్టా. ‘ఏం లేదులే’ అన్నాడు. నేనూ వదిలేశా. ‘ఏం లేదులే’ అనే మాటని మనం ఎంత తేలిగ్గా నమ్మేస్తామో!

నాలుగు రోజుల తర్వాత వాడి గదికి వెళ్తే తెలిసింది. రెండు వారాలుగా సరిగ్గా నిద్ర లేదు. గ్రూప్స్ కోచింగ్‌కి వెళ్లడం మానేశాడు. పొద్దున తెచ్చుకున్న ఇడ్లీ పొట్లం సాయంత్రం దాకా విప్పకుండా అలాగే ఉంది. అవీ ఇవీ మాట్లాడాక, ‘నేను లేకపోతే ఇంట్లోవాళ్లకి ఒక ఖర్చు తగ్గుతుంది కదరా’ అన్నాడు నవ్వుతూ.

నా కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. ‘ఛ, అలా మాట్లాడకు’ అనబోయి ఆగా. అలా అంటే మళ్లీ ‘ఏం లేదులే’ దగ్గరికే వెళ్తాం. అందుకే సూటిగా అడిగా: ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’

కాసేపాగి తలూపాడు.

ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అని చాలామంది భయపడతారు. అలా జరగదని మానసిక వైద్యులు ఎప్పట్నుంచో చెబుతున్నారు. నిజానికి అడిగాకే వాడికి మాట్లాడే వీలు దొరికింది. గంటసేపు చెప్పాడు. నేను విన్నా. కానీ వినడం వరకే నా వల్ల అయ్యేది. ఆ తర్వాత ఏం చేయాలో నాకూ తెలీదు. అప్పుడు గుర్తొచ్చింది 14416.

టెలి మానస్ నంబర్ అది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు. రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ నంబర్ చాలామంది ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అయినా వేలు డయల్ బటన్ దాకా వెళ్లి ఆగిపోతుంది. మావాడికీ అంతే. ‘ఏమని చెప్పాలిరా?’ అన్నాడు.

‘ఏం చెప్పాలో తెలీట్లేదు అనే చెప్పు’ అన్నా. సరిగ్గా ఆ మాటతోనే మొదలుపెట్టాడు. అవతలి గొంతు తొందరపెట్టలేదు. ఏమైనా తిన్నారా, నిద్ర ఎలా ఉంది, ఇప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఎప్పట్నుంచి వస్తోంది... ఒక్కోటీ నెమ్మదిగా అడిగారు. క్లాస్ పీకలేదు. ‘ఈ వయసులో ఏం కష్టాలు బాబూ’ అనలేదు. ముందు మాట్లాడేది శిక్షణ పొందిన కౌన్సెలర్. అవసరమైతే మానసిక వైద్య నిపుణులకి కలుపుతారు, లేదంటే దగ్గర్లోని ఆసుపత్రికి దారి చూపిస్తారు. మావాణ్ని జిల్లా ఆసుపత్రికి వెళ్లమన్నారు.

అక్కడ వాడు మళ్లీ బిగుసుకుపోయాడు. తప్పు వాడిది కాదు. మన సినిమాల్లో, మన జోకుల్లో మానసిక వైద్యం అంటే ఎర్రగడ్డ, లేదంటే వైజాగ్. రెండు ఊళ్ల పేర్లనీ తిట్లుగా మార్చేశాం. నిజానికి చాలామందికి అంతదూరం వెళ్లాల్సిన పనే ఉండదు. 1980ల్లో మన పక్కనే ఉన్న బళ్లారి జిల్లాలో నిమ్హాన్స్ వైద్యులు ఒక ప్రయోగం చేశారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోని మామూలు డాక్టర్లకి శిక్షణ ఇచ్చి, ఈ వైద్యాన్ని ఊళ్లోనే అందించొచ్చని చూపించారు. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. జిల్లా ఆసుపత్రికెళ్లి ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు ‘సైకియాట్రీ’ అంటే చాలు. జ్వరానికి వెళ్లినట్టే.

క్యూలో మావాడు ఇంకో రెండు ప్రశ్నలు వేశాడు. మీకూ వచ్చే ఉంటాయి.

‘ఇంట్లో చెప్పేస్తారా?’ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణాపాయం తప్పించాల్సి వచ్చినప్పుడు మాత్రం అవసరమైనంత వరకు చెప్పొచ్చు. 18 ఏళ్లు నిండనివాళ్ల విషయంలో తల్లిదండ్రుల ప్రమేయం ఉంటుంది.

‘పోలీస్ కేసవుతుందా?’ ఆలోచన వచ్చిందని చెప్పడం నేరం కాదు. ప్రయత్నించినవాళ్లని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలని, వాళ్లకి చికిత్స, ఆసరా ఇవ్వడం ప్రభుత్వ బాధ్యతని అదే చట్టం చెబుతోంది.

ఇదంతా ఒక్కరోజులో తేలలేదు. మొదటిసారి వెళ్తే గంటన్నర కూర్చోవాల్సి వచ్చింది. ‘పోదాం పదరా’ అని వాడు రెండుసార్లు లేచాడు. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందనీ, బాగుందనిపించగానే సొంతంగా ఆపేయొద్దనీ డాక్టర్ చెప్పారు. మొదటి పది రోజులు పెద్ద తేడా ఏం కనిపించలేదు. ఆ పది రోజులూ నేను చేసిందల్లా రాత్రి భోజనానికి వాడి గదికి వెళ్లడం, రెండోసారి ఓపీకి తోడుగా వెళ్లడం. అంతే.

మీ ఫ్రెండ్ ఎవరైనా ఇలా మాట్లాడితే నంబర్ ఫార్వర్డ్ చేసి ఊరుకోకండి. పక్కన కూర్చుని మీరే డయల్ చేసివ్వండి. లైన్ కలవకపోతే మళ్లీ చేయండి. 1800 891 4416కి చేసినా వాళ్లే ఎత్తుతారు. ఇప్పటికిప్పుడే ప్రమాదం ఉందనిపిస్తే వాళ్లని ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకండి. 112కో 108కో ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. ఆ ఆలోచనలు మీకే వస్తుంటే, ఈ పేజీ మూసేసి ముందు 14416కి చేయండి. మాటలు దొరక్కపోయినా పర్లేదు.

మొన్న రాత్రి పన్నెండున్నరకి మళ్లీ మెసేజ్. ‘మేలుకునే ఉన్నావా?’

ఈసారి రిప్లై పెట్టలేదు, ఫోనే చేశా. ‘ఏమైంది రా?’

‘ఆకలేస్తోంది. ఇప్పుడు ఎక్కడైనా దోసె దొరుకుతుందా?’

పొట్లం విప్పనివాడికి ఆకలేస్తోంది. బండి తీశా.