ఎగువన ఆపితేనే దిగువన భద్రం
సర్వర్లపై కృత్రిమ వరద.. ముందుచూపే రక్ష

పరీక్షా ఫలితాలు వెలువడిన రోజున వెబ్‌సైట్‌ మొరాయించడం, మీసేవ కేంద్రంలో 'సర్వర్‌ డౌన్‌' అన్న మాట వినిపించడం జిల్లావాసులకు కొత్త కాదు. అది రద్దీ వల్ల తలెత్తే ఇబ్బంది. అదే రద్దీని ఎవరైనా దురుద్దేశంతో సృష్టిస్తే? వేలాది పరికరాల నుంచి ఒకే సర్వర్‌పైకి బూటకపు అభ్యర్థనలు కుమ్మరించి, అసలు వినియోగదారుకు సేవ అందకుండా చేయడాన్నే సేవా నిరాకరణ దాడి అంటారు. ఇందులో తాళం పగలదు, సొత్తు పోదు. గుమ్మం నిండా జనాన్ని నింపి, పనిమీద వచ్చినవాణ్ని లోనికి పోనీయకపోవడమే కుట్ర. భూమి దస్త్రాలు, ధ్రువపత్రాలు, చెల్లింపులు కంప్యూటర్‌పైనే ఆధారపడిన నేడు, ఒక్కపూట సేవ నిలిచినా నష్టపోయేది కూలి మానుకొని వచ్చిన సామాన్యుడే.

నేర్పిన పాఠం

అంతర్జాల చిరునామాల వ్యవస్థకు మూలం 13 రూట్‌ సర్వర్లు. 2002 అక్టోబరు 21న ఈ పదమూడింటిపైనా ఏకకాలంలో దాడి జరిగింది. సుమారు గంటసేపు పలు సర్వర్లు సక్రమంగా స్పందించలేకపోయాయి. ఆ అనుభవంతో 'ఎనీకాస్ట్‌' విధానం విస్తరించింది. ఒకే చిరునామాతో పలుచోట్ల సర్వర్లను నెలకొల్పి, అభ్యర్థనను దగ్గరి దారిలో ఉన్నదానికి చేర్చడమే ఇందులోని కిటుకు. దాడి ఎంత పెద్దదైనా ముక్కలైపోతుంది. 2007 ఫిబ్రవరి 6న కనీసం ఆరు రూట్‌ సర్వర్లపై మళ్లీ దాడి జరగ్గా, గణనీయంగా దెబ్బతిన్నవి రెండే. ఆ రెండూ అప్పటికి ఎనీకాస్ట్‌ అమర్చుకోనివే కావడం గమనార్హం.

కెమెరాలే ఆయుధాలు

2016 అక్టోబరు 21న అమెరికాలో చిరునామా సేవలందించే 'డైన్‌' సంస్థపై దాడి జరిగింది. ట్విటర్‌, నెట్‌ఫ్లిక్స్‌ వంటివి గంటల తరబడి ఎందరికో అందలేదు. దాడికి వాడినవి చాలావరకు సీసీ కెమెరాలు, వీడియో రికార్డర్లు, రూటర్లు. తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డ్‌ను యజమానులు మార్చకపోవడంతో 'మిరాయ్‌' అనే హానికర ప్రోగ్రాం వాటిలోకి చొరబడింది. చిరునామా సేవకు ఒక్క సంస్థనే నమ్ముకున్న వెబ్‌సైట్లకు ప్రత్యామ్నాయం లేకపోయింది. ఒకే బావిపై ఆధారపడిన ఊరి పరిస్థితి వాటికి ఎదురైంది.

ఎవరి భారం?

కృష్ణమ్మకు వరదొస్తే ప్రకాశం బ్యారేజీ వద్ద మాత్రమే చూసుకుంటే చాలదు. శ్రీశైలం, సాగర్‌, పులిచింతలలోనే నియంత్రణ మొదలవ్వాలి. నెట్‌వర్క్‌ కూడా అంతే. వచ్చే దారే నిండిపోయాక సర్వర్‌ ముందు ఎంత గట్టి గోడ కట్టినా వృథా. దొంగ చిరునామాలతో బయలుదేరే సమాచారాన్ని ఇంటర్నెట్‌ సేవాసంస్థలు తమ గడప వద్దే ఆపాలని 2000లోనే అంతర్జాల ప్రమాణాల బృందం సూచించింది. నేటికీ అమలు సంపూర్ణం కాలేదు. కారణం సుస్పష్టం. ఖర్చు భరించేది ఒకరు, మేలు పొందేది మరొకరు.

మన దేశంలో ఇటువంటి దాడి ఐటీ చట్టం-2000లోని 43, 66 సెక్షన్ల కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. అయితే నిందితుడు దేశం వెలుపల ఉంటే శిక్ష పడటం సులభం కాదు. కనుక నిర్మాణంలోనే జాగ్రత్త అవసరం. ప్రజాసేవల వెబ్‌సైట్లకు టెండరు పిలిచేటప్పుడే రెండో మార్గం, అదనపు సామర్థ్యం, ముందస్తు పరీక్షలను షరతులుగా చేర్చాలి. సర్వర్‌ నిలిచిన రోజున కాగితంపై దరఖాస్తు స్వీకరించే ఏర్పాటు ఉండాలి. దుకాణాల్లో, ఇళ్లలో కెమెరా బిగించిన నాడే పాస్‌వర్డ్‌ మార్చుకోవాలి. మన నిర్లక్ష్యం మరో ఊరి సేవను ముంచే వరద కాకూడదు.