రోబో పితికినా మంద మనిషిదే

పెద్ద డెయిరీ అనగానే రోబోలే పాలు పితుకుతాయని మనం ఊహించుకుంటాం. వాస్తవం చాలాచోట్ల ఇందుకు విరుద్ధం. పాలు పితికే రోబో 1992లో నెదర్లాండ్స్‌లో మార్కెట్లోకి వచ్చింది. దాన్ని ముందుగా ఆదరించింది వేల ఆవులున్న కంపెనీలు కాదు, ఇంటిల్లిపాదీ కలిసి నడుపుకొనే ఫామ్‌లు. కూలి ఖరీదైన ఆ దేశంలో రెండు పూటలా వేళ తప్పకుండా కొట్టంలో ఉండాల్సిన చాకిరీ నుంచి రైతుకు అది ఊరటనిచ్చింది.

రోబో ఉన్న కొట్టంలో ఆవును సాధారణంగా ఎవరూ తోలుకురారు. రోబో ఉండే పెట్టెలో పడే దాణా గుళికల కోసం అదే నడిచి వస్తుంది. మెడపట్టీలోని చిప్‌ను బట్టి యంత్రం ఆవును గుర్తుపట్టి, కిందటిసారి ఎప్పుడు పితికిందో చూసుకుంటుంది. వేళ కాకపోతే బయటికి పంపేస్తుంది. వేళయితే చన్నులు శుభ్రం చేసి, లేజర్‌తోనో కెమెరాతోనో వాటి చోటు పసిగట్టి కప్పులు తగిలిస్తుంది. ఏ చన్నులో పాలు అయిపోతే ఆ కప్పు ఊడిపోతుంది. పాలలో విద్యుత్ వాహకత పెరిగితే పొదుగువాపు వస్తోందేమోనని హెచ్చరిస్తుంది.

అయితే ఒక రోబో చూసుకోగలిగేది సుమారు 60 ఆవులనే. ఈ లెక్కన 3,000 ఆవులకు 50 రోబోలు కావాలి. ఒక్కోదాని ధర లక్ష యూరోలకు పైమాటే. అందుకే మహా ఫామ్‌లలో అనేకం రోటరీని ఎంచుకుంటాయి. మెల్లగా తిరిగే వేదికపైకి ఆవులు ఒక్కొక్కటిగా ఎక్కుతాయి. ఒకచోట నిలబడ్డ కార్మికులు కప్పులు తగిలిస్తారు. చుట్టు పూర్తయ్యేసరికి పితకడం అయిపోతుంది. పుణె దగ్గర మంచర్‌లోని భాగ్యలక్ష్మి ఫామ్‌లో ఒకేసారి 50 ఆవులు ఎక్కే రోటరీ ఉంది. ఇక్కడ యంత్రం మనిషిని తప్పించలేదు, అతని చేతికి మరిన్ని ఆవులను అప్పగించింది.

రోబో పెట్టుకున్న రైతుకూ తీరిక దొరకదు. పెట్టెలోకి రాని ఆవులను వెతికి తోలాలి. తొలిచూలు పడ్డలకు యంత్రం అలవాటు చేయాలి. రోబో హెచ్చరికతో అర్ధరాత్రి ఫోను మోగితే లేచి వెళ్లాలి. కాళ్లు నొప్పి పెట్టిన ఆవు రోబో దాకా నడవదు కనుక గిట్టల సంరక్షణకూ, పేడ తీసి నేల పొడిగా ఉంచడానికీ ప్రాధాన్యం పెరుగుతుంది. చేతి పని తగ్గి, కంటి పని పెరుగుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి వేరు. ఇక్కడ పాడిలో గేదెలది పెద్ద వాటా. గేదె చేపాలంటే దూడో, దాణానో, అలవాటైన చెయ్యో ఉండాలి. ఇటలీలో కొన్ని గేదెల ఫామ్‌లలో రోబోలు పనిచేస్తున్న మాట నిజమే. కానీ రెండు మూడు పశువులున్న ఇంటికి ఆ పెట్టుబడి జన్మలో తిరిగి రాదు. యాభై, వంద పశువులతో డెయిరీ పెట్టి, పితికే మనుషులు దొరక్క అల్లాడుతున్న వారికి మామూలు మిల్కింగ్ మెషీన్, నమ్మకమైన కరెంటు, పిలిస్తే వచ్చే మెకానిక్ చాలు.

రోబో నుంచి మనం తీసుకోవలసింది దాని ఇనుప చెయ్యిని కాదు, లెక్క రాసే అలవాటును. ఏ పశువు ఎన్ని పాలిచ్చింది, ఎప్పుడు ఎదకొచ్చింది, మేత ఎప్పుడు తగ్గింది అన్న సమాచారమే దాని అసలు బలం. మన పశువుల చెవులకు 12 అంకెల ట్యాగులు ఇప్పటికే వేస్తున్నారు. ఆ నంబరు కింద పాల దిగుబడి, ఎద, చూడి, రోగాల వివరాలు ఎప్పటికప్పుడు చేరితే చిన్న రైతుకూ అదే మేలు అందుతుంది. ప్రభుత్వాలు, పాల సంఘాలు విదేశీ యంత్రాల రాయితీల కన్నా ముందు ఈ పని మీద ఖర్చు పెట్టాలి.