‘సురక్షితం’ అన్న మాట

పార్శ్వనొప్పి రాకుండా ఆపే కొత్త మందులు దీర్ఘకాలం వాడినా సురక్షితమని ఋజువై పోయిందనీ, యింకా సందేహాలు లేవదీసేవారు విజ్ఞానశాస్త్రానికే విరోధులనీ ఒక వాదం వినవస్తూంది. నేను వైద్యుణ్ణి కాను. తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. కాని ఒక మాటకు అర్థమేమిటి, ఆ అర్థాన్ని నిర్ణయించిందెవరు అని అడగడం నా వృత్తిలోని పనే.

నెలకొకసారి చర్మం కింద వేసుకునే ఎరెన్యుమాబ్ ఇంజెక్షన్‌కు 2018 మే నెలలో అమెరికాలో అనుమతి లభించింది. దానికి ఆధారమైన పరీక్షల్లో అసలు మందును ఉత్తి సూదితో పోల్చిచూసిన కాలం మూడు నుంచి ఆరు నెలలు. ఈ జబ్బు పదహారో యేట పట్టుకొని ఏభై దాటినా వదలని మనుషులున్నారు!

తరువాత అయిదేళ్ళు గమనించారు గదా అంటారు. గమనించారు, కాదనను. అందులో 383 మంది చేరారు. నడుమ మోతాదును 70 నుంచి 140 మిల్లీగ్రాములకు పెంచినప్పుడు దానికి మారినవారు 250 మంది. ఆ కాలమంతా అందరికీ అసలు మందే ఇచ్చారు. పోల్చి చూడడానికి పక్కన మరొక జట్టు లేదు. మందు పడనివారు, గుణం కనిపించనివారు మధ్యలో వెళ్ళిపోతారు. పడినవారు మిగులుతారు. తెర పడేదాకా కూర్చున్న ప్రేక్షకులను మాత్రమే అడిగి నాటకం బాగుందని వ్రాస్తే దాన్ని విమర్శ అంటామా? పైగా ఈ పరిశీలనకు డబ్బు పెట్టింది మందు తయారుచేసిన ఆమ్జెన్ కంపెనీయే.

మలబద్ధకం మొదటి పరీక్షల్లో చిన్న ఇబ్బందిగానే నమోదయింది. మందు బజారుకెక్కాక, ఆస్పత్రి పాలయిన రోగుల సంగతి బయటపడి, 2019లో అది హెచ్చరికగా మారింది. రక్తపోటు హెచ్చరిక 2020లో చేరింది. అంటే ఆ రెండు పరీక్షలూ జరిగింది కొనుక్కున్నవారి శరీరాలమీదనే.

ఇది కొత్త కథ కూడా కాదు. 1959లో ఫ్లోరెన్సు నగరంలో సికుతేరి అనే వైద్యుడు మెథిసెర్జైడ్ ఈ నొప్పిని ఆపుతుందని చూపించాడు. నిజంగానే ఆపింది. ఆపింది గనుకనే జనం నెలల తరబడి, ఏళ్ళ తరబడి మింగారు. కొందరికి కడుపు వెనుక భాగంలో నారలాంటి కణజాలం పెరిగి మూత్రనాళాలను నొక్కివేసింది. మరికొందరికి గుండె కవాటాలు, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. బోస్టన్‌లో జాన్ గ్రాహమ్, ఆయన సహచరులు 1966లో ఈ కేసులను సమగ్రంగా ప్రకటించారు. ఆరు నెలలకొకసారి మూడు నాలుగు వారాలు మందు మానాలన్న నియమం అలాంటి అనుభవం నుంచి వచ్చింది. మూడు నెలల పరీక్ష ఎంత నిజాయితీగా జరిపినా ఆ కీడును పట్టుకోగలిగేదా?

పాత మందులు మాత్రం మంచివా అని ఎదురు ప్రశ్న వేస్తారు. కావు. ఫ్లునారిజిన్ కొందరికి వణుకుడు జబ్బు తెస్తుంది. వాల్ప్రోయేట్ గర్భస్థ శిశువుకు హాని. కొత్తవి చాలామందికి వాటికంటె తేలికగా పడుతున్నాయన్నది ఒప్పుకోవలసిందే. నొప్పితో చీకటి గదిలో పడివున్న మనిషికి మందు ఇవ్వవద్దనే హక్కు నాకు లేదు.

నా తగవు మరొకటి. ఈ మందు అడ్డుకునే సి.జి.ఆర్.పి. అనే పదార్థం రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. గుండెకు నెత్తురు తక్కువైనప్పుడు అది అక్కరకు వచ్చేదే కావచ్చు. మరి తీవ్రమైన గుండెజబ్బున్నవారిని పరీక్షల్లో చేర్చుకోలేదు. గర్భిణులనూ చేర్చుకోలేదు. ఈ జబ్బు పురుషులకంటె స్త్రీలకు సుమారు మూడింతలు ఎక్కువ, అదీ పిల్లల్ని కనే వయస్సులో! శరీరంలో మందు సగానికి తగ్గడానికే 28 రోజులు పడుతుంది. గర్భం నిలిచిందని తెలిసే సరికి చేసేదేముంది? ఎవరికి ఎక్కువ అవసరమో వారిని లెక్కలోంచి తీసివేసి, మిగిలినవారిని లెక్కించి, ఆ ఫలితానికి అందరి పేరూ పెట్టారు.

కంపెనీ డబ్బుతో నిమిత్తంలేని పట్టిక కావాలి. మధ్యలో మానినవారు ఎందుకు మానారో అందులో వుండాలి. గర్భిణుల, గుండెరోగుల సంగతి పదేళ్ళపాటు ప్రభుత్వమే కనిపెట్టి ప్రకటించాలి. మందుల దుష్ఫలితాలను నమోదుచేసే జాతీయ కార్యక్రమం మనకు 2010 నుంచి వుంది. రోగి కూడా తానే నివేదిక పంపవచ్చు. మందుచీటీ వ్రాస్తూ ఆ సంగతి చెప్పిన డాక్టరు నాకింతవరకు తారసపడలేదు.